భవాని గొంతులో దారి

వీరవేణికి ఏడో నెల నిండకుండానే నొప్పులు వచ్చాయి. అంతర్వేది పల్లిపాలెం నుంచి ఆటోలో రాజోలు, అక్కణ్ణుంచి అంబులెన్సులో అమలాపురం చేరీ చేరగానే పిల్ల బయటపడింది. ఆడపిల్ల. అరచేతిలో ఇమిడిపోయేటంత ఉంది. ఊపిరితిత్తులు ఇంకా ముదరలేదని, మిషను మీద పెట్టకపోతే దక్కదని చెప్పి అప్పటికప్పుడు కాకినాడ పంపించారు. అక్కడ పిల్లను గాజుపెట్టెలో పడుకోబెట్టి, నోట్లోంచి గొంతులోకి సన్నటి గొట్టం దించి, మిషనుతో ఊపిరి పోశారు. వారాల తరబడి ఆ గొట్టంతోనే బతికింది. వీరవేణి రోజూ అద్దంలోంచి చూసేది. పిల్ల పొట్ట ఎగసిపడుతుంటే చాలు, మళ్లీ వరండాలోకి వచ్చి కూర్చునేది.

వీరవేణి మొగుడు మణికంఠ ఆమెకు మేనత్త కొడుకే. బోటు మీద వేటకు వెళ్తాడు. మామగారు ముసలయ్య కూడా ఒకప్పుడు సముద్రం మీద తిరిగినవాడే. ఇప్పుడు ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. పిల్ల బతికి ఇంటికొచ్చిన రోజున ఆయనే దుర్గాభవాని అని పేరు పెట్టాడు. అందరూ భవాని అన్నారు.

ఇంటికొచ్చాక పిల్ల కాస్త ఒళ్లు చేసింది. కానీ ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో కీచుమని చప్పుడు. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి రొప్పేది. పక్కలెగరేస్తోందని చుట్టుపక్కల ఆడవాళ్లు అన్నారు. ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పారు. ఇంతలో పిల్లకు జలుబు చేసింది. ఓ సాయంత్రం పెదాలు నీలం తిరిగిపోయాయి. ఈసారి రాజోలు తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు పిల్లను చూసిన మరుక్షణమే విశాఖపట్నం ఆసుపత్రికి ఫోను చేసి, దారిలో ఆక్సిజన్ పెట్టించి పంపారు.

విశాఖలో శ్యామ్ బాబు అనే డాక్టరు ఉన్నారు. పసిపిల్లల గొంతు, ఊపిరి గొట్టాల ఆపరేషన్లు ఆయన పని. గొంతులోకి సన్నని కెమెరా దించి చూసి, బయటకొచ్చి, మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టుకున్నారు.

"మాటపెట్టె కింద ఉంగరంలాంటి ఎముక ఒకటి ఉంటుందమ్మా. పిల్లల ఊపిరిదారిలో అన్నిటికన్నా ఇరుకు అక్కడే. కాకినాడలో వేసిన గొట్టం అన్ని వారాలు అక్కడ ఒరుసుకుంది. పుండు పడి, మానేటప్పుడు మచ్చ కట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడు పాప ఊపిరి వెళ్లే సందు పిన్నీసు మందం కూడా లేదు."

"అయితే ఆ గొట్టం వెయ్యకుండా ఉండాల్సిందాండీ?" అన్నాడు మణికంఠ.

"వెయ్యకపోతే పాప ఇక్కడిదాకా వచ్చేది కాదు. అది తప్పు కాదయ్యా. ఒక్కొక్కరికి ఇలా అవుతుంది."

ముందు ప్రాణం నిలబెట్టాలి కాబట్టి, ఇరుకు ఉన్న చోటుకు కిందగా, మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి, అందులోంచి ఊపిరి గొట్టంలోకి ఓ వంకర గొట్టం పెట్టారు. నాడాతో మెడచుట్టూ కట్టారు. ఆ పూట భవాని ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. పుట్టిన తర్వాత రొప్పకుండా నిద్రపోవడం అదే మొదలు.

మర్నాడు పిల్ల లేచి ఏడ్చింది. మొహం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, కళ్లవెంట నీళ్లు కారాయి. శబ్దం మాత్రం లేదు. వీరవేణి బెదిరిపోయి నర్సును కేకేసింది.

ఆ నర్సు పేరు క్రిస్టీనా. "కంగారు పడకండి. ఊపిరి మెడలోంచే వెళ్లిపోతోంది కదా, పైన మాటపెట్టెకి గాలి అందదు. అందుకే ఏడుపు వినపడదు" అంది. ఆ యాస విని వీరవేణి తలెత్తి చూసింది.

"మీదే ఊరండీ?"

"మలికిపురవండి. మీకు పక్కే."

"ఆయ్" అంది వీరవేణి. ఎన్నో రోజుల తర్వాత ఆమె మొహం కాస్త తేటపడింది.

గొట్టంలో చేరే కళ్లెను సన్నటి పైపుతో ఎలా లాగాలో, నాడా ఎలా మార్చాలో, గొట్టం మూసుకుపోతే ఎలా తీసి కొత్తది పెట్టాలో క్రిస్టీనా నేర్పింది. మొదట బొమ్మ మీద, తర్వాత భవాని మీద. "మీకు రాదు అనుకోకండి. మీరు నేర్చుకునేదాకా నేను డిశ్చార్జి కానివ్వను" అనేది. మొదటిసారి పిల్ల మెడలోంచి గొట్టం బయటకు తీసినప్పుడు వీరవేణి కళ్లు మూసేసుకుంది. క్రిస్టీనా ఆమె చెయ్యి వదల్లేదు. "కళ్లు తెరవండి. చూసుకుంటూ పెట్టాలి" అంది.

కళ్లె లాగే కరెంటు మిషను ఒకటి, తుఫానుకు కరెంటు పోతే పనికొస్తుందని కాలితో తొక్కేది ఒకటి, విడి గొట్టాలు, కత్తెర, నాడాలు, అన్నీ ఓ సంచిలో సర్దుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి ఆ సంచి, భవాని, వీరవేణి ఒకచోట ఉండాల్సిందే.

అంతకుముందు వీరవేణి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. ఆ పని మానేసింది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. పొయ్యి మీద కూర ఉన్నా, కళ్లు పిల్ల మీదే. ఏడుపు వినపడదు కాబట్టి చూస్తూనే ఉండాలి. నీళ్లంటే మరీ భయం. ఒకవైపు సముద్రం, ఒకవైపు గోదావరి, మధ్యలో కాలవలు, రొయ్యల చెరువులు. ఆ ఊళ్లో నీళ్లు లేని దిక్కు లేదు. మెడలోని రంధ్రంలోకి గుక్కెడు నీళ్లు పోయినా చాలు, ప్రాణానికే ముప్పు. పిల్ల నడక నేర్చాక ముసలయ్య మువ్వల పట్టీలు తెచ్చి కాళ్లకు పెట్టాడు. "ఎటెల్లినా తెలుస్తాదే అమ్మాయ్" అన్నాడు కోడలితో.

భవాని మాటలకు బదులు చేతులు నేర్చుకుంది. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే చేప. పెదవి పైన వేలు రాస్తే తాత. గోడమీద కొడితే అమ్మ రావాలి. ఊళ్లో పిల్లలకు కూడా ఆ భాష వచ్చేసింది. అంగన్‌వాడీ టీచరు ప్రసన్నకుమారి మొదట భయపడింది. "ఏవైనా అయితే నా వల్ల కాదమ్మా. నువ్వు పక్కన కూర్చుంటానంటే తీసుకురా" అంది. వీరవేణి రోజూ సంచితో సహా వెళ్లి పిల్లలందరి మధ్య కూర్చునేది.

ఈలోగా శ్యామ్ బాబు గారు ఇరుకుగా ఉన్న చోట చిన్న బెలూను పెట్టి ఉబ్బించి, దారి వెడల్పు చేసి చూశారు. కొన్నాళ్లు బాగానే ఉండేది, మళ్లీ బిగుసుకుపోయేది. ఇంకోసారి చేశారు. అంతే అయింది.

భవానికి రెండేళ్లు దాటాయి. కళ్లె లాగే పైపులు అయిపోతే నరసాపురంలో కొనుక్కోవాలని తల్లీకూతుళ్లు బయలుదేరారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కారు. మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు, పంటు నిండిపోయింది. భవానికి జలుబుగా ఉంది, కళ్లె చిక్కబడింది. గోదావరి సగం దాటాక పిల్ల తల్లి చీర పట్టుకుని గట్టిగా లాగింది. వీరవేణి చూసింది. ఛాతీ ఎగసిపడుతోంది గాని గొట్టం దగ్గర గాలి ఆడడం లేదు. సంచిలోంచి పైపు తీసి గొట్టంలోకి దించింది. దిగలేదు. ఎండిన కళ్లె బిరడాలా పట్టేసింది.

"అయ్యో, పాప నల్లబడిపోతంది! పంటు వెనక్కి తిప్పండయ్యా!" అని ఎవరో అరిచారు.

"తిప్పొద్దండి" అంది వీరవేణి. "ఎవరన్నా కాళ్లు పట్టుకోండి, చాలు."

ఒక పెద్దావిడ కూర్చుని పిల్ల కాళ్లు పట్టుకుంది. వీరవేణి తువ్వాలు చుట్టి పిల్ల భుజాల కింద పెట్టింది. మెడ పైకి లేచింది. కత్తెరతో నాడా కోసి, మూసుకుపోయిన గొట్టం బయటకు లాగింది. అదే సైజు కొత్తది పెట్టబోతే వెళ్లలేదు, రంధ్రం బిగుసుకుపోయింది. పిల్ల కళ్లు తేలేస్తున్నాయి. క్రిస్టీనా చెప్పింది గుర్తొచ్చి ఒక సైజు చిన్నది తీసుకుంది. అది వంపు తిరిగి లోపలికి జారింది. భవాని ఒళ్లంతా కదిలేట్టు దగ్గింది. కళ్లె ఎగిరి తల్లి రవిక మీద పడింది. ఆ వెనకే బుస్సుమని గాలి వచ్చింది.

ఆ పెద్దావిడ పిల్ల కాళ్లు వదలకుండా అలాగే పట్టుకుని ఏడుస్తోంది.

నరసాపురం రేవులో దిగాక వీరవేణి టీ దుకాణం బల్ల మీద కూర్చుంది. కొత్త గొట్టం నాడా మరోసారి సరిచూసి, టీ తాగింది. కాసేపటికి లేచి, మెడికల్ షాపులో పైపులు కొనుక్కుని, మళ్లీ అదే పంటులో ఇంటికొచ్చింది.

ఆ మాట ఊరంతా పాకింది. వీరవేణికి కూడా లోపల ఏదో మారింది. ఇంత జరిగినా పిల్లను దక్కించుకోగలిగానన్న ధైర్యం వచ్చింది. ఇక ఏం వచ్చినా చూసుకోగలననుకుంది. అందుకే భవానికి మూడేళ్లు వచ్చాక శ్యామ్ బాబు గారు పెద్ద ఆపరేషను మాట ఎత్తితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"పక్కటెముక కొసన మెత్తటి భాగం ఉంటుందమ్మా. అందులో చిన్న ముక్క తీసి, ఇరుకు ఉన్న చోట ఉంగరాన్ని నిలువునా కోసి, ఆ సందులో ఈ ముక్కను ఇరికించి కుడతాం. దారి వెడల్పవుతుంది. పాపతో పాటే ఆ దారీ పెరుగుతుంది. కుదిరితే మెడలో గొట్టం తీసేయొచ్చు" అని ఆయన చెప్పారు.

"కోడికూరలో రొమ్ము దగ్గర కరకరలాడే ఎముక ఉంటాది కదండీ, అలాంటిదే" అని క్రిస్టీనా పక్కనుంచి విడమరిచింది.

"కుదరకపోతేనండీ?" అంది వీరవేణి.

"కొందరికి రెండోసారి చెయ్యాల్సి వస్తుంది. అందరికీ మొదటిసారే అవుతుందని నేను చెప్పను."

"గొట్టం ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలుసండి. అది తీసేశాక పిల్లకి ఊపిరాడకపోతే నేనేం చెయ్యాలి? అప్పుడు నా చేతుల్లో ఏవుంటాదండీ?"

డాక్టరుగారు పాప ఫైలు మూసి, "ఆలోచించుకుని రండి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో మణికంఠ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రాజమండ్రి దాటాక అన్నాడు, "ఎన్నాళ్లని దాని పక్కనే కూచుంటావే?"

"నేనున్నన్నాళ్లూ."

"తర్వాత?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం బావా" అని ఆమె మొహం తిప్పుకుంది. కొన్ని నెలలు ఆ మాట ఇంట్లో ఎవరూ తేలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం వీరవేణి గుమ్మంలో బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరుతోంది. మువ్వల చప్పుడు పెరట్లోంచి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి చూస్తే, పక్కింటి పిల్ల భవాని పట్టీలు కాళ్లకు పెట్టుకుని ఎగురుతోంది. భవాని లేదు.

"ఏదే అది?"

పక్కింటి పిల్ల ఒడ్డు వైపు చెయ్యి చూపించింది.

వీరవేణి చేట వదిలేసి పరిగెత్తింది. కాలవ గట్టు మీద లేదు. పడవల దగ్గర లేదు. "భవానీ! భవానీ!" అని గొంతు చించుకుని అరిచింది. నలుగురూ పోగయ్యారు. మగవాళ్లు ఇద్దరు కాలవలో దిగి కాళ్లతో వెతుకుతున్నారు. దక్షిణపు గాలి ఈడ్చి కొడుతోంది. ముసలయ్య ఆ గాలికి ఎదురుగా నడుస్తూ, ఒడ్డున బోర్లించిన పాత పడవ దగ్గర చెవి ఒగ్గి ఆగి, వంగి చూసి, కోడలిని చెయ్యూపి పిలిచాడు.

భవాని పడవ కింద ఉంది. దాగుడుమూతలకని దూరి, పాత వలలో కాలు చిక్కుకుని బయటకు రాలేకపోయింది. మెడలో గొట్టం చక్కగానే ఉంది. తల్లిని చూడగానే చేతిలో ఉన్న గవ్వతో పడవ చెక్క మీద టకటకా కొట్టి చూపించింది. తర్వాత తన చెవి ముట్టుకుంది. వీరవేణి వైపు వేలు చూపించింది. మళ్లీ చెక్క మీద కొట్టింది. ఆ వయసు పిల్ల చెప్పగలిగినంత విడమరిచి చెప్పింది: నువ్వు పిలిచినప్పుడల్లా వినపడింది, నేను పలుకుతూనే ఉన్నాను.

వీరవేణి ఇసకలో కూలబడిపోయింది. రెండుసార్లు ఆ పడవ పక్కనుంచే పరిగెత్తింది తను. పిల్ల లోపలినుంచి కొట్టింది. గాలి హోరులో వినపడలేదు. పంటులో తన కళ్ల ముందు ఊపిరి ఆగింది కాబట్టి కాపాడుకుంది. కళ్ల ముందు లేనప్పుడు పిల్లకు తనను పిలిచే దారి లేదు. తను ఎంత నేర్చినా అది మారదు.

వేట నుంచి మణికంఠ రాగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లందిస్తూ, "బావా, విశాఖపట్నం ఎల్దాం" అంది.

ఆపరేషను పొద్దున మొదలై మధ్యాహ్నం దాటేదాకా సాగింది. వీరవేణి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మణికంఠ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. చివరికి శ్యామ్ బాబు గారు టోపీ తీసుకుంటూ బయటకు వచ్చి, "ముక్క బాగా కూర్చుంది. ఇక అది అతుక్కోవాలి. కొన్ని వారాలు ఓపిక పట్టాలి" అన్నారు. అతుక్కునేదాకా దారి మూసుకుపోకుండా లోపల ఓ మెత్తటి గొట్టం పెట్టారు. ఊపిరికి మెడలో గొట్టం అలాగే ఉంది. భవానికి ఛాతీ మీద ఒక కట్టు, మెడ మీద ఒక కట్టు. మెలకువ వచ్చాక ఛాతీ మీది కట్టు చూపించి, ఇదేమిటని చేత్తో అడిగింది. గొంతు బాగుచెయ్యడానికి వచ్చి ఇక్కడెందుకు కోశారని దాని అనుమానం.

లోపలి గొట్టం తీసేశాక కెమెరాతో చూస్తే దారి తెరుచుకుని ఉంది. అప్పుడు మెడలోని గొట్టానికి చిన్న మూత పెట్టారు. ఇక ఊపిరి ముక్కుతోనే తీయాలి. భవాని హడలిపోయి మూత పీకేసింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పీకేసింది. మూడోసారి క్రిస్టీనా ఒళ్లో కూర్చోబెట్టుకుని బుగ్గల్లో గాలి నింపి ఊదే ఆట ఆడించింది. భవాని ఊదబోయింది. గొంతులోంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది. ఎవరో అన్నారనుకుని పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ ఊదింది. మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల్లి వైపు చూసింది.

వీరవేణి నవ్వబోయి ఏడ్చేసింది. అమ్మ ఏడవడం చూసి భవాని కూడా ఏడ్చింది. వార్డంతా వినపడేలా ఏడ్చింది.

మూతతో ఇంటికొచ్చిన రోజున పల్లిపాలెం మలుపు తిరగ్గానే భవాని ముక్కు మూసుకుంది. వీధి పొడుగునా చేపలు ఎండుతున్నాయి. మూడేళ్లుగా గాలి ముక్కులోంచి పోలేదు, ఆ పిల్లకి ఆ కంపు ఇంతవరకూ తెలియదు. "చేపలోళ్ల పిల్లవి, నువ్వు ముక్కు మూసుకుంటే ఎలాగే!" అని ముసలయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ తర్వాతి ప్రయాణంలో ఆసుపత్రిలో మెడలోని గొట్టం పూర్తిగా తీసేశారు. రంధ్రం తనంతట తాను పూడుకుపోయింది, ముడతలాంటి మచ్చ మిగిలింది. అయితే అంతా నల్లేరు మీద బండిలా నడవలేదు. వానాకాలంలో జ్వరం వచ్చి మళ్లీ గొంతులో కీచుమని చప్పుడు మొదలైంది. వీరవేణి చెయ్యి అలవాటుగా పిల్ల మెడ మీదికి వెళ్లింది. అక్కడ పెట్టడానికి గొట్టమూ లేదు, లాగడానికి కళ్లె పైపూ లేదు. తను డాక్టరును అడిగింది సరిగ్గా ఇదే. పిల్లను ఎత్తుకుని రాజోలు వెళ్లింది, అక్కణ్ణుంచి విశాఖ. కుట్టిన చోట కండ పెరిగిందని కెమెరాతోనే గీరి తీసేసి నాలుగు రోజుల్లో పంపించేశారు. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

ఇప్పుడు భవాని ఒకటో తరగతి. గొంతు బొంగురు, అది అలాగే ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు. పరుగు పందెంలో సగం దూరానికే ఆయాసం వస్తుంది. మాటలకు మాత్రం ఆయాసం లేదు. మణికంఠ వేట నుంచి వచ్చి నిద్రపోదామంటే కుదరనివ్వదు. వీరవేణి మళ్లీ రొయ్యల షెడ్డుకు వెళ్తోంది. మొదట్లో గంటకోసారి బడికి ఫోను చేసేది. అంగన్‌వాడీ ప్రసన్నకుమారి ఒకసారి దారిలో ఎదురుపడి, "అమ్మా, ఆ పిల్ల ఉందో లేదో వీధి చివరకి వినపడతంది, ఇంక ఫోనెందుకు?" అంటే మానేసింది.

ఈమధ్య క్రిస్టీనా ఫోను చేసింది. అల్లవరంలో తేజ అనే చిన్న బాబుకు మెడలో గొట్టం పెట్టారని, తల్లి బాగా బెదిరిపోయి ఉందని, ఒకసారి వెళ్లి పలకరించమని అడిగింది. ఆదివారం వీరవేణి భవానిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఆ ఇల్లు చెరువుల గట్టు మీద ఉంది. తల్లి ఇరవై ఏళ్లు దాటని పిల్ల. ఒళ్లో బాబును పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. వీరవేణి కుశల ప్రశ్నలు అడుగుతుంటే ఆ అమ్మాయి కళ్లు భవాని మెడ మీది మచ్చ మీదే ఉన్నాయి.

"చాలా నొప్పెట్టిందా అండీ పాపకి?" అని వీరవేణిని అడిగింది.

వీరవేణి చెప్పబోయేలోగా భవాని అందుకుంది. "నాకేం గుర్తులేదు పిన్నీ. బాబు పేరేంటి? నేనెత్తుకోవచ్చా?"

ఆ బొంగురు గొంతు విని ఆ అమ్మాయి తలెత్తింది. ఇంకోసారి మాట్లాడమన్నట్టు, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. భవాని ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ముందు చేతులు కడుక్కుని రా అమ్మా" అని వీరవేణి ఆ అమ్మాయిని లేపింది. "నాడా మార్చడం దగ్గర మొదలెడదాం."